ఎప్పుడూ ఆఫీసర్ల కథలేనా? బ్రిటిష్ గుర్రపు దళంలో మామూలు సిపాయి ఎలా బతికాడో చెప్పండి

బోలారం_బాబు

ఆదివారాలు సికింద్రాబాద్ కంటోన్మెంట్ పాత రోడ్ల వెంట పిల్లల్ని నడిపిస్తూ కథలు చెబుతుంటాను, డబ్బు కోసం కాదు, ఇష్టం కొద్దీ. పోయిన వారం తిరుమలగిరి వైపు వెళ్ళినప్పుడు ఆరో తరగతి పాప ఒకటి నన్ను ఆపి అడిగింది, "అంకుల్, గుర్రం మీద తిరిగే మామూలు సోల్జర్ పొద్దున్నే లేచి ఏం తినేవాడు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నా సంచిలో ఉన్నవన్నీ తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చర్చిల్ కథలే. 1896లో గుర్రపు దళం నాలుగో హుస్సార్స్‌తో వచ్చాడు, బొంబాయి సాసూన్ డాక్‌లో దిగుతుంటే భుజం కీలు తప్పింది, బెంగళూరు బంగళాలో గులాబీలు పెంచాడు, వచ్చిన కొద్ది వారాలకే వాళ్ళ జట్టు హైదరాబాద్‌లో గోల్కొండ పోలో కప్పు గెలిచింది. బాగానే ఉంది, కానీ ఇదంతా ఆఫీసర్ బతుకు. వాడి వెనకాల వరసలో నిలబడ్డ వందలమంది సంగతేంటి? జీతమెంత, పడక ఎక్కడ, పెళ్ళి చేసుకోనిచ్చేవారా, ఎప్పటికైనా ఆఫీసర్ అయ్యేవాడా? జాబితాలు వద్దండీ, పేరూ ఊరూ ఉన్న ఒక్క మనిషి కథ కావాలి, పిల్లలకి చెప్పగలిగేది.

రికార్డుల_రమ

అయితే మీకు కావలసింది విలియం రాబర్ట్‌సన్. ఇంగ్లాండ్‌లో లింకన్‌షైర్ జిల్లా, వెల్‌బర్న్ అనే పల్లెటూరు, పుట్టింది 1860 జనవరి 29న. నాన్న దర్జీ, ఊరి పోస్టుమాస్టరు కూడా. ఈ పిల్లాడు బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాడు, తర్వాత ఇళ్ళల్లో పనికి కుదిరాడు. 1877 నవంబరులో బల్లేల గుర్రపు దళం పదహారో లాన్సర్స్‌లో సిపాయిగా చేరాడు. చేరేనాటికి పద్దెనిమిది నిండలేదు, మూడు నెలలు తక్కువ. చేర్చుకునే సార్జెంట్ సలహా మీద పద్దెనిమిదేళ్ళ రెండు నెలలని రాయించాడు, ఆ అబద్ధపు వయసే కాగితాల మీద ఖాయమైపోయింది.

వాళ్ళమ్మ రాసిన ఉత్తరం పిల్లలకి తప్పకుండా చెప్పండి బాబు గారూ. నిన్ను ఎర్రకోటులో చూడటం కంటే నిన్ను పూడ్చిపెట్టడమే నాకు నయం అని రాసింది కన్నతల్లి. సైన్యంలో చేరడమంటే ఆ రోజుల్లో మర్యాదస్తుల ఇళ్ళల్లో అంత తలవంపు. మిగతా లాన్సర్ దళాలకి నీలం కోట్లుండేవి, ఎరుపు వీళ్ళొక్కళ్ళదే, అందుకే ఆవిడ ఎర్రకోటు మాట అంత సూటిగా తగులుతుంది.

మొదటి రాత్రి బ్యారక్‌లో తాగుడు, తిట్లు, కొట్లాట చూసి హడలిపోయి పారిపోదామనుకున్నాడు. తీరా లేచి చూస్తే తను వేసుకొచ్చిన మామూలు బట్టల్ని అప్పటికే పారిపోయిన ఇంకొకడు తీసుకుపోయాడు! ఇక ఉండిపోక తప్పలేదు.

ఓరుగల్లు_పిల్ల

బట్టలు పోవడం వల్ల ఒక మనిషి జీవితం మారిపోయిందా 😄 రమ గారూ, తర్వాతేమయింది?

రికార్డుల_రమ

ఓరుగల్లు_పిల్ల, ఆ మనిషే 1920లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. బ్రిటిష్ సైన్యంలో అట్టడుగు సిపాయి మెట్టు నుంచి ఆ పై మెట్టు దాకా ఎక్కినవాడు ఆయన ఒక్కడే.

కడప_కుర్రోడు

అంతా బాగుంది కానీ నాదొక మాట. 1877 అంటే మా సీమలో ధాత కరువు ఇంకా జనాన్ని తింటున్న ఏడాది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది పోయారు. ఆ ఏడాది ఇంగ్లాండ్‌లో ఎవడో కుర్రాడు సైన్యంలో చేరి ఏం తిన్నాడో మన పిల్లలకెందుకు చెప్పాలి? మన ఊళ్ళల్లో ఏం తిన్నారో చెప్పండి ముందు.

బోలారం_బాబు

కడప_కుర్రోడు అన్నా, నీ కోపం నాకర్థమైంది, కరువు గురించి కూడా చెబుతాను. కానీ ఆ పాప అడిగింది ఈ ప్రశ్న. కంటోన్మెంట్ పాత రోడ్ల పక్కన ఉన్న బ్రిటిష్ సిపాయిల సమాధుల మీద చాలా పేర్ల కింద వయసు చూస్తే ఇరవై రెండు, ఇరవై నాలుగు. ఆ కుర్రాళ్ళెవరో తెలుసుకుంటే తప్పేముంది.

మిలిటరీ_మావయ్య

నేను సర్వీస్ కోర్‌లో కంచర గాడిదల యూనిట్‌లో పద్నాలుగేళ్ళు చేశాను, కొండల్లో. కాబట్టి తిండి కంటే ముందు లాయం సంగతి చెబుతాను, ఎందుకంటే గుర్రపు సిపాయి రోజంతా నడిచేది లాయం చుట్టూనే. పొద్దున బూర ఊదగానే లేచి ముందు లాయానికే. పేడ ఎత్తడం, గడ్డి మార్చడం, నీళ్ళు పెట్టడం, మాలీషు. తర్వాతే మన టిఫిను. మధ్యాహ్నం భోజనం ముందు మళ్ళీ లాయం, సాయంత్రం మళ్ళీ. రోజుకు మూడుసార్లు. ఆ కాలం పుస్తకాల్లో ఇదే ఉంది, మా యూనిట్‌లోనూ ఇదే.

మాలీషు అంటే పైపైన దులపడం కాదు. ఎండుగడ్డి గుప్పెడు తీసుకుని తడిపి తాడులా మెలితిప్పి, దాన్నే మడిచి చేతికి సరిపడా చుట్ట చేస్తారు. దాంతో మెడ నుంచి పిరుదు దాకా కొట్టి కొట్టి రుద్దాలి, చర్మం వేడెక్కి నిగనిగలాడాలి. కళ్ళకీ ముక్కుకీ తడిబట్ట ఒకటి, తోక కిందికి వేరే బట్ట. నాలుగు డెక్కలూ ఎత్తి ఇనపకొక్కెంతో మధ్యలో ఇరుక్కున్న రాయీ రప్పా తీయాలి. ఒక్క రాయి మిగిలితే పొద్దున్నకి కుంటుతుంది, కుంటితే నీ మీద రిపోర్టు. చలికాలంలో నా వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది, అయినా ముందు దానికి నీళ్ళు పెట్టిన తర్వాతే నేను తాగేది. అలా అలవాటైపోయింది, ఇప్పటికీ ఇంట్లో ఆవు తాగందే నాకు నీళ్ళు దిగవు.

రికార్డుల_రమ

మావయ్య గారూ, ఎంత బాగా చెప్పారు. తిండి సంగతి నేను పూర్తి చేస్తాను. సర్కారు ఉచితంగా ఇచ్చేది రోజుకు ఒక పౌను రొట్టె, ముప్పావు పౌను మాంసం, అంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు, 340 గ్రాములు. మాంసం తూకం ఎముకతో కలిపే. అంతే. కాఫీ, టీ, చక్కెర, కూరగాయలు, ఉతుకుడు, బూట్ల మైనం, అన్నిటికీ జీతంలోంచి కోత. పొద్దున రొట్టె, కాఫీ. ఒంటిగంటకి మాంసం, బంగాళాదుంప. సాయంత్రం టీ, వట్టి రొట్టె. తర్వాత ఏదైనా కావాలంటే సొంత డబ్బులతో కొనుక్కోవాలి. రోజు జీతం ఒక షిల్లింగు మీద రెండు మూడు పెన్నీలు (పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక డబ్బు పౌను), కోతలు పోగా చేతికి వచ్చేది అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. పాపకి ఇది చెప్పేయండి.

విశాఖ_సుధ

పడక సంగతి నేను చదివినంతలో చెబుతాను. మధ్యకి మడిచే ఇనప మంచం, గడ్డి కుక్కిన పరుపు. ఒకే గదిలో తినడం, పడుకోవడం, బూట్లు తుడుచుకోవడం. 1850ల దాకా రాత్రిపూట మూత్రానికి గదిలోనే ఒక తొట్టి పెట్టేవారు. యుద్ధం లేని రోజుల్లో కూడా బ్యారక్‌లో ఉన్న సైనికులు బయట అదే వయసు మనుషుల కంటే ఎక్కువగా చనిపోతున్నారని రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధం (1853-56) తర్వాత లెక్కలు తీస్తే తేలింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పట్టుబట్టి వేయించిన విచారణ అది. క్రిమియాలో కూడా తుపాకీ కంటే రోగాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి.

పెళ్ళికి పర్మిషన్ కావాలి. నూటికి ఆరేడుగురికి మాత్రం భార్యని రెజిమెంటు లెక్కలో చేర్చుకునేవారు. శతాబ్దం మొదటి సగంలో అలా చేరిన ఆడవాళ్ళు కూడా అదే మగవాళ్ళ గదిలో మూలన దుప్పటి అడ్డం కట్టుకుని కాపురం చేసేవారు, పురుళ్ళు కూడా అక్కడే. లెక్కలో చేరని భార్యకి రేషనూ లేదు, దళం సముద్రం దాటితే వెంట పోయే వీలూ లేదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఓరుగల్లు_పిల్ల

కొరడా దెబ్బలు కూడా ఉండేవి కదా?

రికార్డుల_రమ

ఉండేవి. పదాతి దళంలో డ్రమ్ము వాయించేవాళ్ళు కొట్టేవారు, గుర్రపు దళంలో ఆ పని నాడాలు కొట్టే ఫారియర్లది. ఇనుము కొట్టే చేతులు, ఊహించుకోండి. 1846లో హౌన్‌స్లో బ్యారక్‌లో ఏడో హుస్సార్స్ సిపాయి ఫ్రెడరిక్ జాన్ వైట్‌కి 150 దెబ్బలు పడ్డాయి, నెల తిరక్కుండానే చనిపోయాడు. దేశమంతా గగ్గోలు. ఆ తర్వాత దెబ్బలు 50కి మించకూడదన్నారు. శాంతికాలంలో 1868లో తీసేశారు, యుద్ధరంగంలో 1881 దాకా సాగింది. అంటే రాబర్ట్‌సన్ చేరేనాటికి కాగితం మీద ఇంకా ఉంది.

ఆయనకీ శిక్ష పడింది, కొరడా కాదు. కార్పొరల్‌గా ఉన్నప్పుడు తన కాపలాలో ఉన్న ఖైదీ రైల్లోంచి తప్పించుకుంటే ఈయన్ని మూడు వారాలు జైల్లో పెట్టి గుండు గీశారు.

సైకిల్_శాస్త్రి

ఒక చిన్న సంగతి కలుపుతాను, చాలామందికి తెలీదు. రాబర్ట్‌సన్ సైన్యంలో చేరక ముందు పనివాడుగా ఉన్న ఇల్లు ఎవరిదో తెలుసా? డీన్ పార్క్, కార్డిగన్ ప్రభువు భార్య ఇల్లు. 1854 అక్టోబరు 25న క్రిమియా యుద్ధంలో, బాలక్లావా దగ్గర, గుర్రపు దళమైన లైట్ బ్రిగేడ్‌ని రష్యా ఫిరంగుల ఎదురుగా నడిపించిన కార్డిగన్ ఆయనే. అప్పటికి ఆయన పోయాడు, ఆవిడ ఉంది. ఆ ఇంట్లో బల్ల దగ్గర వడ్డించిన కుర్రాడు తర్వాత ఆ దేశ సైన్యానికే పెద్ద అయ్యాడు.

కార్డిగన్ దళాధిపతి ఎలా అయ్యాడు? కొనుక్కున్నాడు! అప్పట్లో ఆఫీసర్ ఉద్యోగాలకి సర్కారీ రేటు ఉండేది. గుర్రపు దళంలో మొదటి మెట్టు కార్నెట్ 840 పౌన్లు, కెప్టెన్ 3,225, లెఫ్టినెంట్ కల్నల్ 6,175. ఇది పైకి చెప్పే ధర, లోపాయికారీగా ఇంకా ఎంతో. కార్డిగన్ ఇచ్చింది దాదాపు 35,000 నుంచి 40,000 పౌన్ల దాకా అని ఆ రోజుల్లోనే చెప్పుకున్నారు. ఆ పద్ధతిని 1871లో గానీ ఎత్తేయలేదు. రోజుకు షిల్లింగు చిల్లర సంపాదించేవాడు 840 పౌన్లు ఎన్ని జన్మలకి కూడబెట్టాలి?

విశాఖ_సుధ

శాస్త్రి గారూ, నేను ఇప్పుడు ఇంగ్లాండ్‌లోనే ఉంటున్నాను, డీన్ పార్క్ చూశాను. కార్డిగన్ ఎక్కిన గుర్రం పేరు రోనాల్డ్. దాని తలని ఇప్పటికీ అద్దాల పెట్టెలో పెట్టి ఉంచారు. మా అబ్బాయి చూసి అడిగాడు, గుర్రం తల దాచారు సరే, మిగతా సోల్జర్లవి ఏం దాచారమ్మా అని. ఆ రోజు దాడికి వెళ్ళింది సుమారు 670 మంది, చనిపోయింది 110 మంది దాకా. వెనక్కి వచ్చినవాళ్ళలో కొందరు ముసలితనంలో తిండికి లేక అడుక్కునే స్థితికి వచ్చారు. 1890లో వాళ్ళ కోసం చందాలు పోగు చేశారు. అప్పుడే పదిహేడో లాన్సర్స్ బూర ఊదే మార్టిన్ లాన్‌ఫ్రీడ్ చేత ఎడిసన్ యంత్రం ముందు దాడి పిలుపు ఊదించి రికార్డు చేశారు. ఆ రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. గరగర మధ్యలో ముసలాయన గొంతు, తర్వాత బూర. వినండి బాబు గారూ, పిల్లలకి ఫోన్‌లో వినిపించండి.

బోలారం_బాబు

ఇప్పుడే వెతికి విన్నాను. ఒళ్ళు జలదరించింది. సుధ గారికి థ్యాంక్స్.

రమ గారూ, సిపాయి ఆఫీసర్ ఎలా అయ్యాడో ఇంకా చెప్పలేదు.

రికార్డుల_రమ

కత్తి, బల్లెం, తుపాకీ మూడింటిలోనూ దళంలో మొదటి బహుమతులు గెలిచాడు. రాత్రిళ్ళు యుద్ధ చరిత్రలు చదివేవాడు. 1882లో సార్జెంట్, 1883లో సైన్యపు చదువు పరీక్షలో మొదటి తరగతి సర్టిఫికెట్, 1885లో ట్రూప్ సార్జెంట్ మేజర్. ఆయనకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నవాడు ఒకప్పటి మెడికల్ స్టూడెంట్, లెక్కలు తప్పి కింది మెట్టుకి దించేస్తే తర్వాత ప్రాణం తీసుకున్నాడు. సైన్యంలో ఎవరెవరు వచ్చి పడేవారో చూడండి.

అధికారులు, ఊరి చర్చి గురువు కూడా ప్రోత్సహిస్తే 1888 జూన్‌లో మూడో డ్రాగన్ గార్డ్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. జీతం ఏడాదికి 120 పౌన్లు, ఇంగ్లాండ్‌లో గుర్రపు దళం ఆఫీసర్‌గా బతకాలంటే దాని పైన ఇంకో 300 పౌన్ల సొంత డబ్బుండాలి. ఈయన దగ్గర లేదు. కొత్త రెజిమెంటు మన దేశంలో ఉండటం వల్ల బతికిపోయాడు, ఇక్కడ జీతం ఎక్కువ, ఖర్చు తక్కువ. మెస్‌లో అందరూ వైన్ తాగుతుంటే ఈయన మంచినీళ్ళు. పైపు కాల్చనివ్వరు, చుట్టలు కొనే స్తోమత లేదు, కాబట్టి పొగ మానేశాడు.

మధ్యాహ్నం ఎండకి మిగతా ఆఫీసర్లు నిద్రపోతుంటే ఈయన మున్షీని కూర్చోబెట్టుకుని భాషలు నేర్చుకున్నాడు. ఉర్దూ, హిందీ, పర్షియన్, పష్తో, పంజాబీ. ప్యాసైన భాషకి సర్కారు నగదు బహుమతి ఇచ్చేది, ఇల్లు గడవడానికి ఆ డబ్బే ఆసరా. ఆ భాషల వల్లే సిమ్లాలో గూఢచార విభాగంలో పని దొరికింది. 1895లో వాయవ్య సరిహద్దు కొండల్లోని చిత్రాల్ మీద దండయాత్రలో కొండదారిలో వెంట వచ్చిన దారి చూపే ఇద్దరు ఎదురు తిరిగారు. ఈయనకి రక్తవిరేచనాలు, నీరసం, తన కత్తిని వాళ్ళలో ఒకడి చేతికే ఇచ్చి ఉన్నాడు. ఒకడు తుపాకీ పేల్చాడు, గురి తప్పింది. రెండోవాడు ఆ కత్తితోనే నరికాడు. ఈయన పిడిగుద్దుతో వాణ్ణి పడగొట్టి రివాల్వర్ తీసి ఇద్దర్నీ తరిమాడు. తర్వాత ఆఫీసర్లకి పై చదువు చెప్పే క్యాంబర్లీ స్టాఫ్ కాలేజీకి వెళ్ళాడు, సిపాయి మెట్టు నుంచి వచ్చి అక్కడ చేరినవాళ్ళలో మొదటివాడు.

కడప_కుర్రోడు

చదివాను, మనిషి గట్టివాడే, కాదనను. కానీ రమ గారూ, "ఇక్కడ జీతం ఎక్కువ" అని ఒక్క ముక్కలో దాటేశారు. ఇక్కడున్న బ్రిటిష్ దళాల ఖర్చంతా మన దేశపు ఆదాయం లోంచే. అంటే శిస్తు, ఉప్పు పన్ను. కరువులో మిగిలినవాడు కట్టిన డబ్బు కూడా అందులో ఉంది. ఆయన ఐదు భాషలు నేర్చుకున్న బహుమతి డబ్బు ఎవరిదో పిల్లలకి చెప్పాలి. ఆ మున్షీల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా?

రికార్డుల_రమ

ఒప్పుకుంటున్నాను. నేను రాయాల్సిన మాటే, మీరు రాశారు.

సైకిల్_శాస్త్రి

నాది ఇంకో అభ్యంతరం. రాబర్ట్‌సన్ కథ చెప్పి "కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అని పిల్లలకి అర్థమయ్యేలా చేయకండి. సిపాయిల్లోంచి ఆఫీసర్ అయ్యేది ఆ రోజుల్లో ఏడాదికి నలుగురైదుగురు. మిగతా వేలమంది పన్నెండేళ్ళో ఇరవై నాలుగేళ్ళో గుర్రం తోమి బయటికొచ్చాక వాళ్ళకి తెలిసిన పని గుర్రం తోమడమే. బండి తోలారు, కాపలా ఉన్నారు, పని దొరక్కపోతే దిక్కులేని పేదల్ని పని చేయించుకుంటూ ఉంచే వర్క్‌హౌస్.

మిలిటరీ_మావయ్య

శాస్త్రి గారూ, నిజమే, కానీ నలుగురైదుగురే అనేది లోపలున్నవాడికి చిన్న సంగతి కాదు. మా బ్యాచ్‌లో ఒకడు సిపాయిగా చేరి పరీక్ష రాసి ఆఫీసర్ అయ్యాడు. వాడి ఫోటో మా అందరి పెట్టెల్లో ఉండేది. నేను రెండుసార్లు రాశాను, రాలేదు. అయినా ఆ రెండేళ్ళు చదివిన చదువు నాకు ఉపయోగపడింది. ఆశకి అంత విలువ ఉంది.

సైకిల్_శాస్త్రి

మావయ్య గారూ, మీ మాట కాదనలేను. రెండూ చెప్పండి అంటాను, ఆ ఒక్కణ్ణీ, ఆ వేలమందినీ.

ఓరుగల్లు_పిల్ల

ఇక్కడ ఉన్నప్పుడు గుర్రాలకి ఏం పెట్టేవారు? మా అమ్మమ్మ ఉలవల్ని గుర్రాల దాణా అనేది.

మిలిటరీ_మావయ్య

అమ్మమ్మ సరిగ్గానే చెప్పింది. దక్షిణాదిలో ఉలవలు, ఉత్తరాదిలో శనగలు. ఇంగ్లీషులో ఉలవల పేరులోనే గుర్రం ఉంది (హార్స్ గ్రామ్), మద్రాసు గ్రామ్ అని కూడా పిలిచేవారు. గుర్రాలు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చేవి, న్యూ సౌత్ వేల్స్ నుంచి కాబట్టి వేలర్లు అనేవారు. ఇంకో తేడా ఉంది. ఇంగ్లాండ్‌లో సిపాయి తనే చేసుకున్న లాయం పనిలో చాలా భాగం ఇక్కడ మన సైసులు (గుర్రాలు చూసుకునే పనివాళ్ళు), గడ్డి కోసేవాళ్ళ మీద పడింది. కడప తమ్ముడు అడిగిన మున్షీల లాగే వీళ్ళ పేర్లూ ఎక్కడా చెక్కలేదు.

బోలారం_బాబు

మా బోలారంలో రిసాలా బజార్ ఉంది. రిసాలా అంటే గుర్రపు దళమని నాకు ఇరవై ఏళ్ళొచ్చేదాకా తెలీదు, ఏదో మసాలా అంగళ్ళ వీధి అనుకునేవాణ్ణి. అది నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యపు రిసాలాది, బ్రిటిష్ దళానిది కాదు. ఈసారి నడక అక్కడ మొదలుపెట్టి సైసుల సంగతి చెబుతాను.

దర్జీ_శేషు

ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు ఈ వేదికలో. ఒక్క సంగతి అడగాలి. ఆయన నాన్న దర్జీ అన్నారు కదా రమ గారూ, కొడుకు ఆఫీసర్ అయ్యాక యూనిఫారం ఎవరు కుట్టారు? ఆ బట్టల ఖర్చు చాలా ఉంటుంది, అందుకని అడుగుతున్నా.

రికార్డుల_రమ

శేషు గారూ, వాళ్ళ నాన్నే కుట్టాడు. డబ్బు మిగలడం కోసం.

దర్జీ_శేషు

అనుకున్నాను. మాది మూడు తరాల కుట్టు పని. మిలిటరీ కోటు కుట్టడం మామూలు కోటు లాంటిది కాదండీ. ఛాతీ లోపల గట్టి బట్ట పెట్టి చేత్తో అడుగు కుట్టు వేయాలి, అది బయటికి కనపడకూడదు. కాలరు మెడకి అతుక్కున్నట్టు నిలబడాలి, ఒక నూలు అటూ ఇటూ అయినా మనిషి తల వంచుకున్నట్టు కనిపిస్తాడు. పెద్ద కంపెనీలో కుట్టించుకున్న కోట్ల పక్కన ఇది నిలబడాలి. పల్లెటూరి దర్జీకి ఆ సంగతి తెలుసు. వాళ్ళమ్మ ఎర్రకోటులో చూడలేనంది, పదేళ్ళ తర్వాత అదే ఇంట్లో ఆయన కొడుకు కొలతలు తీసుకున్నాడు. మా నాన్న నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి రాత్రంతా కూర్చుని ప్యాంటు షర్టు కుట్టాడు. ఉద్యోగం రాలేదు, ఆ షర్టు ఇంకా ఉంది.

ఓరుగల్లు_పిల్ల

శేషు గారూ, ఇంత బాగా రాస్తారా మీరు. ఇంకా రాస్తూ ఉండండి.

కడప_కుర్రోడు

శేషన్నా, ఈ ముక్క కోసం ఇంత పొడుగు చదివినా నష్టం లేదు. బాబు గారూ, ఉప్పు పన్ను మాత్రం మరవొద్దు.

బోలారం_బాబు

మరవను. ఈ ఆదివారం నడకలో ఆ పాపకి ముందు రొట్టె, మాంసం లెక్క చెబుతాను, అడిగింది అదే కాబట్టి. తర్వాత బట్టలు పోయిన రాత్రి, అమ్మ ఉత్తరం, నాన్న కుట్టిన కోటు. ఆ తర్వాత ఆ కోటు వేసుకున్నవాడి జీతం ఎక్కణ్ణుంచి వచ్చిందో. పోలో కప్పు టైముంటే చెబుతాను.

మిలిటరీ_మావయ్య

ఎన్ని గంటలకి? నేను అల్వాల్‌లోనే ఉంటాను. ఎండుగడ్డి తెస్తాను, పిల్లల చేత మాలీషు చుట్ట చేయిద్దాం. గుర్రం లేకపోయినా చేయడం నేర్చుకుంటారు.

బోలారం_బాబు

ఆరున్నరకి, రిసాలా బజార్ దగ్గర. గడ్డి కొంచెం ఎక్కువే తీసుకురండి మావయ్య గారూ, పద్దెనిమిది మంది పిల్లలు.